చీటీలో చుక్క

డుంబ్రిగుడ మండలంలో ఒక చిన్న ఊరు. ఊరి కింద గెడ్డ. గెడ్డ దాటితే వలిసె చేలు. ఆ ఊళ్ళో ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఉన్నారు. పెద్దకోడలు మంచి పనిమంతురాలు. చిన్నకోడలు రాత్రి బడికి వెళ్ళి చదవడం, రాయడం నేర్చుకుంది.

ఒక ఏడు వలిసె పూలు పూసిన రోజుల్లో పెద్దకోడలికి నిద్ర పోయింది. అర్ధరాత్రి లేచి వాకిలి అలికేది. కోడి కూయకముందే తిరగలి ముందు కూర్చుని చోళ్ళు విసిరేది. మాట మీద మాట. ఒక మాట పూర్తి కాకుండానే ఇంకో మాట. సంతకు పట్టుకుపోయిన కోళ్ళన్నీ ఎవరికో ఊరికే ఇచ్చేసి వచ్చింది. "బస్సు కొంటాను. ఊరందర్నీ విశాఖ తీసుకుపోతాను" అంది. మొదట అందరూ నవ్వారు. మూడు రాత్రులు కన్ను మూయకపోయినా ఆమెకు అలుపు లేదు. "కాసేపు కూర్చోవే" అన్న అత్త మీదికి చెయ్యెత్తింది. అప్పుడు నవ్వులు ఆగాయి.

రెండు నెలలు పోయాయి. ఆ మనిషే మంచం దిగడం మానేసింది. తల దువ్వుకోలేదు. చంటిపిల్లాడు ఏడ్చినా తల తిప్పలేదు. పొద్దున పోసిన చోడి అంబలి సాయంత్రానికి అలాగే ఉండేది. "నేను బతికి ఎవరికి లాభం?" అనేది.

ఇంట్లో వాళ్ళు దిసారిని పిలిచారు. పూజ చేయించారు. కోడిని కోశారు. ఎవరో "చిల్లంగి పెట్టారు" అన్నారు. పక్కింటి ముసలమ్మ వైపు చూపులు తిరిగాయి. ఆ మాట ఎంతవరకు పోతుందో మనకు తెలుసు. ఒక మనిషి జబ్బు ఇంకో మనిషి వీపు మీద దెబ్బ అవుతుంది. ఈసారి అంత దూరం పోలేదు. ఆశ కార్యకర్త వచ్చింది. "ఇది చిల్లంగి కాదు. ఇది జబ్బు. దీనికి మందుంది. ముందు మన డాక్టరు దగ్గరికి పోదాం" అంది.

అక్కడి డాక్టరు చూసి విశాఖకు చీటీ రాశాడు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పెద్దకోడలు, ఆమె మొగుడు, చిన్నకోడలు ముగ్గురూ అరకు మీదుగా ఘాట్ రోడ్డు దిగి అక్కడికి వెళ్ళారు.

ఏమిటీ జబ్బు?

ఈ జబ్బును డాక్టర్లు బైపోలార్ జబ్బు అంటారు. ఇందులో మనసు కొన్నాళ్ళు పొంగుతుంది. కొన్నాళ్ళు కుంగుతుంది. మధ్యలో మనిషి మామూలుగానే ఉంటుంది. వానాకాలంలో గెడ్డ ఎలా ఉంటుంది? ఎండాకాలంలో ఎలా ఉంటుంది? గెడ్డ ఒకటే. నీళ్ళే మారాయి. ఈ జబ్బు కూడా అలాంటిదే. మనిషి చెడ్డది కాదు. మనిషి మారిపోలేదు. మెదడు పనిచేసే తీరులో తేడా వచ్చింది.

ఇది మన కొండల్లోనే వచ్చే జబ్బు కాదు. 2019లో ప్రపంచం మొత్తంలో దాదాపు 4 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. చదువుకున్న వాళ్ళకూ వస్తుంది. డబ్బున్న వాళ్ళకూ వస్తుంది. కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువ మందికి రావచ్చు. అలాగని తల్లికి ఉంటే బిడ్డకు తప్పకుండా వస్తుందని కాదు.

డాక్టరమ్మ పెద్దకోడలితో చాలాసేపు మాట్లాడింది. రక్తం తీయించింది. కిడ్నీలు ఎలా ఉన్నాయో, గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి ఎలా ఉందో చూసింది. కడుపుతో ఉన్నదేమో కూడా అడిగింది. ఆ తరువాతే మందు రాసింది. ఆ మందు పేరు లిథియం.

రాతిలో దొరికిన మందు

లిథియం ఒక లోహం. 1817లో స్వీడన్ దేశంలో ఒక రాతిని పరీక్ష చేస్తుంటే దొరికింది. గ్రీకు భాషలో రాయి అనే మాట నుంచి ఆ పేరు పెట్టారు. సెల్ ఫోన్ బ్యాటరీలో ఉండేది కూడా లిథియమే. అందుకని బ్యాటరీ మందు కాదు. దాన్ని పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. మాత్రలో ఉండేది లిథియం ఉప్పు.

ఆస్ట్రేలియా దేశంలో జాన్ కేడ్ అనే డాక్టరు మనసు పొంగిన పదిమందికి ఈ ఉప్పు ఇచ్చి చూసి, ఆ ఫలితాలను 1949లో ప్రచురించాడు. వాళ్ళలో మొదటి మనిషి ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఉన్నవాడు. ఎవరూ ఆశ పెట్టుకోని మనిషి. అతడు నెమ్మదించాడు. కొన్ని నెలల్లో ఇంటికి వెళ్ళాడు. పనిలో చేరాడు. తరువాత మందు ఆపేశాడు. జబ్బు తిరిగి వచ్చింది. మళ్ళీ మందు మొదలుపెట్టారు. చివరికి ఒంట్లో లిథియం ఎక్కువై 1950లో చనిపోయాడు.

బాధ కలిగించే సంగతే. కాని ఈ మందు గురించి తెలుసుకోవలసిందంతా ఆ ఒక్క మనిషి బతుకులో ఉంది. మందు పని చేస్తుంది. ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఎక్కువైతే ప్రాణం తీస్తుంది.

అప్పుడు రక్తంలో ఎంత మందు ఉందో చూసుకుంటూ ఇచ్చే పద్ధతి లేదు. ఇప్పుడు ఉంది. అందుకే ఈనాడు లక్షలమంది ఈ మాత్ర వేసుకుని పొలం పని, బడి పని, ఆఫీసు పని చేసుకుంటున్నారు. చనిపోవాలన్న ఆలోచనలను దూరం పెట్టడంలో కూడా ఈ మందుకు మంచి పేరుంది.

చుక్క విలువ

కూరలో ఉప్పు తక్కువైతే చప్పగా ఉంటుంది. ఎక్కువైతే నోట పెట్టలేం. లిథియం కూడా అంతే. కాకపోతే కూర పాడైతే పారబోస్తాం. ఇక్కడ పాడయ్యేది ఒళ్ళు.

రక్తంలో ఎంత ఉండాలి? చాలామందికి 0.6 నుంచి 1.0 వరకు ఉండేలా డాక్టర్లు చూస్తారు. ఈ అంకెలు చదవడం నేర్చుకుందాం.

0.6 అంటే సున్నా పాయింట్ ఆరు. ఒకటి కంటే తక్కువ. ఒకటిని పది ముక్కలు చేస్తే ఆరు ముక్కలు.
1.0 అంటే నిండా ఒకటి.
1.6 అంటే ఒకటి, ఇంకా ఆరు ముక్కలు.

0.6 మంచిది. 1.6 ప్రమాదం. రెండింటిలోనూ 6 ఉంది. చుక్కకు ముందు ఏముందో చూడాలి. చుక్క చిన్నది. అరిగిన అచ్చులో కనిపించదు కూడా. కనిపించకపోతే అడగాలి. అడగడానికి సిగ్గు పడకూడదు.

పరీక్ష చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. దాని మీద ఇంకా చాలా అంకెలుంటాయి. చిన్నకోడలు ఒక పని చేసింది. "అమ్మా, ఇందులో లిథియం అంకె ఏదో దాని కింద గీత గీసి ఇవ్వండి" అని డాక్టరమ్మను అడిగింది. ఊరికి వచ్చాక ఆ అంకెను, తేదీని ఒక నోటు పుస్తకంలో తెలుగులో రాసుకుంది. వేసుకోవలసిన మాత్ర ఎన్ని మిల్లీగ్రాములదో, రోజుకు ఎన్నో అదే పుస్తకంలో రాసింది.

ఈ రక్త పరీక్షకు ఒక నియమం ఉంది. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. రాత్రి 8 గంటలకు మాత్ర వేసుకుంటే పొద్దున 8 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దున మాత్ర ఉన్నవాళ్ళు దాన్ని కొంగున ముడి వేసుకుని వెళ్ళి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందే వేసుకుంటే లేని ఎక్కువ చీటీలో కనిపిస్తుంది.

మందు మొదలుపెట్టిన వారానికి ఒకసారి పరీక్ష చేస్తారు. మోతాదు మార్చినప్పుడల్లా మళ్ళీ చేస్తారు. తరువాత మూడు నెలలకోసారి. అన్నీ నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి చాలని డాక్టరు చెప్పవచ్చు. ఆరు నెలలకోసారి కిడ్నీలు, థైరాయిడ్ కూడా చూడాలి.

చెప్పడం తేలిక. డుంబ్రిగుడ కొండ మీది ఊరి నుంచి పొద్దున 8 గంటలకు విశాఖలో ఉండాలంటే ముందురోజే దిగాలి. రెండు రోజుల కూలి పోతుంది. బస్సు చార్జీలు, తిండి ఖర్చు వేరే. ఇది చిన్న మాట కాదు. "పరీక్షకు పోలేదేం?" అని కసిరే ముందు ఈ లెక్క కూడా చూడాలి. లిథియం పరీక్ష అన్ని ఆసుపత్రులలో ఉండదు. అరకులోనో పాడేరులోనో రక్తం తీసి పంపే వీలుందా అని ముందే అడిగి తెలుసుకుంటే ఒక్కోసారి దారి దొరుకుతుంది. ఆశ కార్యకర్త చేత, ఏఎన్ఎం చేత అడిగించవచ్చు.

ఉప్పు, నీళ్ళు, కిడ్నీ

లిథియం ఒంట్లోంచి బయటకు పోయే దారి ఒకటే. అది కిడ్నీ. మూత్రంలో కలిసి పోతుంది.

మనం తినే ఉప్పునూ లిథియాన్నీ కిడ్నీ ఒకే తీరుగా చూస్తుంది. ఒంట్లో నీళ్ళూ ఉప్పూ తగ్గితే కిడ్నీ ఉప్పును బయటికి పోనివ్వకుండా పట్టుకుంటుంది. దాంతోపాటు లిథియాన్ని కూడా పట్టుకుంటుంది. అప్పుడు మాత్ర పెంచకపోయినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది.

ఒంట్లో నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయి? వాంతులు, విరేచనాలు అయినప్పుడు. మలేరియా జ్వరంతో చెమటలు పట్టినప్పుడు. ఎండలో పోడు పని చేసినప్పుడు. సారా, కల్లు తాగినప్పుడు. ఉపవాసం ఉన్నప్పుడు. అందుకే లిథియం వేసుకునే మనిషి దాహం వేసినప్పుడల్లా నీళ్ళు తాగాలి. అంబలిలో, కూరలో ఉప్పు రోజూ వేసుకున్నంతే వేసుకోవాలి. ఎవరో చెప్పారని ఉన్నట్టుండి చప్పిడి కూడు తినకూడదు.

ఇంకో సంగతి ఉంది. ఒళ్ళు నొప్పులకు వాడే కొన్ని మందులు లిథియాన్ని పెంచుతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అలాంటివి. నొప్పికి వేసే సూది చాలాసార్లు డైక్లోఫెనాక్ సూదే. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలూ, నీరు లాగే మాత్రలూ అంతే. జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఏ మందు తీసుకోవాలన్నా, ఎవరు ఇస్తున్నా, "నేను లిథియం వాడుతున్నాను" అని ముందు చెప్పాలి.

జీలుగు కల్లు కాదు

ఏడాదిన్నర బాగా గడిచింది. పెద్దకోడలు పొలం పోయింది. సంతకు పోయింది. పిల్లాణ్ణి బడిలో వేసింది. నోటు పుస్తకంలో 0.7, 0.8, 0.7 అని అంకెలు వరసగా ఉన్నాయి.

వానలు మొదలయ్యాయి. గెడ్డ నీళ్ళు ఎర్రబారాయి. ఊళ్ళో చాలామందికి విరేచనాలు పట్టుకున్నాయి. పెద్దకోడలికీ పట్టుకున్నాయి. రెండు రోజులు ఆగలేదు. ఒళ్ళంతా నొప్పులు. ఊరికి వచ్చిన ఒకతను నొప్పికి సూది వేశాడు. లిథియం సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. రాత్రి మాత్ర మాత్రం మానకుండా వేసుకుంది.

మూడో రోజు ఆమె తూలుతూ నడిచింది. మాట ముద్దగా వచ్చింది. చేతిలో గిన్నె నిలవలేదు. వాకిట్లో ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఓలమ్మ, పొద్దున్నే జీలుగు కల్లు పడిందేటే!"

ఆమె మొగుడు కూడా అలాగే అనుకున్నాడు. కోపంతో లోపలికి పోయాడు.

చిన్నకోడలు దగ్గరికి వెళ్ళింది. "అక్కా, తాగినావా?" అని అడిగింది. పెద్దకోడలు లేదన్నట్టు తల ఊపింది. నోరు వాసన లేదు. చిన్నకోడలు చెయ్యి పట్టుకుని చూసింది. మాత్ర వేసుకున్న కొత్తలో వేళ్ళు సన్నగా వణికేవి. అది మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. ఇది అలా లేదు. మోచేతి దాకా చెయ్యి ఎగిరెగిరి పడుతోంది.

ఆమె నోటు పుస్తకం తీసింది. విశాఖలో డాక్టరమ్మ చెబుతుంటే రాసుకున్న పేజీ. అక్షరాలు వంకరగా ఉన్నాయి. కూడబలుక్కుని చదివింది.

"చేతులు బాగా వణికితే. నడక తూలితే. మాట ముద్దగా వస్తే. వాంతులు, విరేచనాలు ఆగకపోతే. మత్తుగా పడి ఉంటే. మాత్ర ఆపాలి. వెంటనే ఆసుపత్రికి."

"బావా, ఇది కల్లు కాదు. మందు ఎక్కువైపోయింది. ఈ రాత్రి బిళ్ళ ఎయ్యకూడదు. ఇప్పుడే దించాలి" అంది.

"రేపు సూద్దాం. వాన పడతంది కదా" అన్నాడు మొగుడు.

"రేపు కాదు బావా. ఇక్కడ రాసుంది. సదువుతాను, ఇను."

మళ్ళీ చదివింది. ఈసారి గట్టిగా చదివింది. వాకిట్లో నవ్వినవాళ్ళే డోలీ కట్టారు. 108కి ఫోను చేశారు. వాహనం రోడ్డు మీదికి వచ్చేసరికి డోలీ కూడా రోడ్డు మీద ఉంది. ఆసుపత్రిలో చిన్నకోడలు మొదట చూపించింది ఆ నోటు పుస్తకాన్నే. డాక్టరుకు వెతుక్కునే పని లేకుండా పోయింది. ఏ మందు, ఎంత, ఎప్పటి నుంచి, చివరి మాత్ర ఎప్పుడు, విరేచనాలు ఎన్ని రోజులు, సూది ఎప్పుడు. అన్నీ అందులో ఉన్నాయి.

సెలైన్ ఎక్కించి పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడ రక్తం పరీక్ష చేస్తే 2.1 వచ్చింది.

ఇలాంటప్పుడు ఆలస్యం చేస్తే మూర్ఛ రావచ్చు. కిడ్నీలు దెబ్బతినవచ్చు. నడక, మాట మళ్ళీ పూర్తిగా కుదుటపడకపోవచ్చు. ప్రాణం పోవచ్చు. పెద్దకోడలు వారం రోజులు ఆసుపత్రిలో ఉండి తిరిగి వచ్చింది. నడక సరైంది. డాక్టర్లు మాత్ర తగ్గించి, పరీక్ష చేస్తూ మళ్ళీ మొదలుపెట్టారు.

"ఇంక ఆ బిళ్ళలొద్దు" అంటే?

ఇంటికి వచ్చాక అత్త అదే మాట అంది. "ఇంక ఆ బిళ్ళలొద్దు. గెడ్డలో పారెయ్యి." అత్త భయంలో తప్పు లేదు. పెద్దకోడలికీ ఆ మాత్ర మీద ఇష్టం లేదు. దాహం ఎక్కువ. రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. ఒళ్ళు కాస్త వచ్చింది. "ఆ పొంగిన రోజుల్లో ఎంత హుషారుగా ఉండేదాన్ని!" అని ఒక్కోసారి అనిపిస్తుంది కూడా. ఇది చాలామంది లోలోపల అనుకునే మాటే. బయటికి చెప్పరు.

కాని బాగున్నామని మాత్ర ఒక్కసారిగా ఆపితే జబ్బు తొందరగా, గట్టిగా తిరగబెట్టవచ్చు. కుంగినప్పుడు ప్రాణం తీసుకునే ప్రమాదం ఉంది. మాత్ర వల్ల ఇబ్బంది ఉంటే డాక్టరుతో చెప్పాలి. మోతాదు తగ్గించవచ్చు. వేరే మందు ఇవ్వవచ్చు. ఆపాలన్నా డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా, నెలల మీద తగ్గించాలి. ఒళ్ళు తూలినప్పుడు ఆ పూట మాత్ర ఆపి ఆసుపత్రికి పరుగెత్తడం వేరు. బాగున్నప్పుడు సొంతంగా మానెయ్యడం వేరు.

ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు వేసుకోకూడదు. ఎప్పటిలాగే ఒకటే వేసుకోవాలి.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు ఆ మాట ముందుగానే డాక్టరుతో చెప్పాలి. కడుపులో బిడ్డకు మొదటి మూడు నెలలు ముఖ్యం. లిథియం వల్ల బిడ్డ గుండెకు లోపం వచ్చే అవకాశం కొద్దిగా ఉంది. అలాగని నెల తప్పగానే భయపడి మాత్ర విసిరెయ్యకూడదు. కాన్పు తరువాత ఈ జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. తల్లి పాలు ఇవ్వాలా వద్దా అన్నది కూడా అడిగే తేల్చుకోవాలి.

నిద్ర సంగతి ఒకటి. ఇటుకల పండుగకు తెల్లవార్లూ థింసా ఆడతాం. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు రెండు రాత్రుల నిద్ర పోతే చాలు, మనసు పొంగవచ్చు. పెద్దకోడలు ఇప్పుడు రెండు ఆటలు ఆడి ఇంటికి వచ్చి పడుకుంటుంది. మొదటి ఏడు "ఏటే, అప్పుడే పోతన్నావు?" అని వెక్కిరించారు. ఇప్పుడు ఎవరూ అనరు.

దిసారి పూజలు చేయించుకోవడం ఆ ఇంటివాళ్ళు మానలేదు. అది వాళ్ళ నమ్మకం. పూజ రోజు కూడా మాత్ర వేసుకుంటుంది. అంతే.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ జబ్బుకు వైద్యం పొందడం మన హక్కు. జబ్బు మనిషిని గొలుసుతో కట్టడాన్ని ఆ చట్టం ఒప్పుకోదు. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే ఫోను సాయం ఉంది. నంబరు 14416. పగలైనా రాత్రైనా చేయవచ్చు. డబ్బు ఖర్చు కాదు. తెలుగులో మాట్లాడతారు. సిగ్నల్ దొరికే గట్టు ఏదో మీకు తెలుసు కదా!

చదవండి, మాట్లాడుకోండి

1. ఇవి నలుగురు ఆడవాళ్ళ చీటీల్లోని అంకెలు. బయటికి చదవండి: 0.7, 1.9, 0.3, 1.0. ఎవరు ఈ రోజే బయలుదేరాలి? ఎవరిని "మాత్ర రోజూ వేసుకుంటున్నావా?" అని నెమ్మదిగా అడగాలి?

2. పెద్దకోడలు రాత్రి 9 గంటలకు మాత్ర వేసుకుంది. పొద్దున ఎన్ని గంటలకు రక్తం ఇవ్వాలి? మీ ఊరి నుంచి ఎప్పుడు బయలుదేరితే అందుతుంది?

3. సూది వేసిన అతనికి లిథియం సంగతి ఎవరు చెప్పి ఉండాలి? ఎవరూ ఎందుకు చెప్పలేదు?

4. మీ ఇంట్లో ఎవరైనా రోజూ వాడే మాత్రల అట్ట తీసుకురండి. దాని మీద పేరు, మిల్లీగ్రాములు, గడువు తేదీ ఎక్కడున్నాయో వెతకండి. మీ నోటు పుస్తకంలో తెలుగులో రాయండి.